ఏడో రకం తోడమ్మ

1104వ పూట

గున్నీ, ఈ పుస్తకం ఇవాళ్టి నుంచి నేనే రాయాలట.

చేతిగదిలో ఎవరి చెయ్యి ఏం తడిమిందో వాళ్ళ పేరు మీద రాసిపెట్టాలని రూలు కదా. ఇన్నాళ్ళూ అమ్మ చెబితే నువ్వు రాసేదానివి. నువ్వు పోయి ఇరవై రెండు పూటలైంది. రోజుకి రెండు పూటల లెక్కన పదకొండు రోజులు. ఇన్ని పూటలూ నా పేరు ఎదురుగా గళ్ళు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ మందు తయారుచేసే నళిని గారు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, మీకు వచ్చినట్టే రాయండి, తప్పులు ఎవరూ వెతకరు అన్నారు. నేను చదివింది మూడో తరగతి. ఎవరికి రాస్తున్నానో తెలియకపోతే నాకు మాట రాదు. అందుకని నీకే రాస్తున్నాను.

పొద్దున్నే నీళ్ళ పైపు దగ్గర మన వరస వంతు. రెండు బిందెలు పట్టాను. రెండోది ఎందుకు పట్టానో ఇంటికొచ్చాక గాని తెలియలేదు. ఊరి కప్పు అద్దాలకి లోపలివైపు పట్టిన చెమ్మ తుడిచి, గుడ్డ పిండి, ఆ నీళ్ళు కూరల అరలకి పోశాను. బయట ఎర్రదుమ్ము లేచింది. కొత్త పగులు ఏదీ కనపడలేదు.

చేతిగదిలో గ్లవుజులు తొడుక్కున్నాను. ఏడో రకం తోడమ్మని పెట్టారు. పట్టు గట్టిగా ఉంది. అంతకంటే ఏమీ తడమలేకపోయాను.

తవిటమ్మ.

1105వ పూట

నళిని గారు నిన్నటిది చదివారు. నీకు రాసినందుకు ఏమీ అనలేదు. కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళకి ఈ పుస్తకమే ఇస్తారు కాబట్టి పని సంగతి కూడా నా మాటల్లో రాయమన్నారు. నీకు తెలిసిందే, అయినా రాస్తాను.

మన ఒంట్లో ప్రతి కణంలోనూ దారం ఉంటుంది. విప్పి చాపితే మనిషికంటే పొడుగట. అంత దారం చిక్కుపడకుండా ఉండాలంటే కండెలకి చుట్టాలి. ఒక్కో కండెకి ఎనిమిది తొనలు. తొన విడిగా రాదు, జంటగా వస్తుంది. నాలుగు జంటలు కూడితే ఒక కండె. దాని మీద దారం రెండు చుట్లకి కాస్త తక్కువగా తిరుగుతుంది. ఏ కండె ఎక్కడుందో దాన్ని బట్టే చర్మానికి తాను చర్మమని గుర్తుంటుంది, కాలేయానికి తాను కాలేయమని గుర్తుంటుంది. కప్పు పగిలిన చోట పై వెలుగు నేరుగా పడితే ఒంట్లో కండెలు ఊడిపోతాయి. ఒళ్ళు తన పని తాను మర్చిపోతుంది. మనం మరుపు జబ్బు అనేది దాన్నే.

జంటలు కండెగా కూడేలోపు వాటిని ఊరికే వదలకూడదు. వాటికి దారమంటే పిచ్చి. ఎక్కడ దొరికితే అక్కడ అడ్డదిడ్డంగా అతుక్కుంటాయి. అందుకని ఒక్కో జంటకీ ఒక తోడు ఉంటుంది. పెళ్ళికూతుర్ని విడిది నుంచి పీటల దాకా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చే పేరంటాలు ఉంటుంది చూడు, అలాగన్నమాట. నళిని గారి పుస్తకాల్లో దానికి వేరే పేరుంది. తోడమ్మ అని మేం పెట్టుకున్నాం. జంట మీద దారం ఎక్కడ ఆనాలో సరిగ్గా ఆ చోటే తోడమ్మ తన చేత్తో మూసి ఉంచుతుంది. చోటు ఖాళీ లేదు కాబట్టి దారిలో ఇంకేదీ అతుక్కోదు.

జబ్బు చేసిన ఒంట్లో తోడమ్మలు చాలవు. నళిని గారి వాళ్ళు కొత్తవి తయారుచేసి సూదితో ఎక్కిస్తారు. అంతకుముందు ఒక్కో రకాన్నీ జంటతో కలిపి గడ్డకట్టించి, లక్షల బొమ్మలు తీసి, అన్నీ ఒకటిగా కలిపి, గుమ్మడికాయంత చేసి చేతిగదిలో పెడతారు. కంటికి ఏమీ కనపడదు. గ్లవుజులు వేసుకుంటే చేతికి తగులుతుంది, వంపులూ గుంటలూ అన్నీ. యంత్రం అంకె చెబుతుంది. బాగుందో లేదో చెయ్యి చెబుతుంది. అందుకే ఈ పనికి చదువుకున్నవాళ్ళని కాకుండా ఊరి కప్పులోంచి గాలి పోకుండా గాలిగుడ్డ నేసే మగ్గం ఇళ్ళ ఆడవాళ్ళని తీసుకున్నారు. అడుగులు పడ్డప్పటి నుంచి కండెలు చుట్టిన చేతులు మావి.

ఇంతే. ఇది రాయడానికి పూటంతా పట్టింది.

1107వ పూట

నాతో పాటు చేతిగదిలో తడిమే సింహాద్రప్ప, నాకు అక్కలాంటిది, ఇవాళ నా చేతులు చూసి, ఏమే తవిటీ, గ్లవుజుల్లో పెట్టావా ఐసు గడ్డల్లో పెట్టావా, అలా వణుకుతున్నాయి అంది. నన్ను నవ్వించాలని. నీ సంగతి తను ఎత్తదు. ఎత్తితే తనకీ ఏడుపొస్తుంది.

తన మనవరాలు లోకికి కూడా జబ్బు బయటపడింది. లోకేశ్వరి. నువ్వు వేళ్ళ మీద లెక్కలు నేర్పిన పిల్లే. ఆరేళ్ళది. చెవి వెనక జుట్టు పిడికెడంత తెల్లబడింది, అక్కడ చర్మం పొలుసులు రాలుతోంది. సూది 1121వ పూటకి రాశారు. ఏడో రకమే. సింహాద్రప్ప గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుని రోజూ ఒకటి కొట్టేస్తోంది. మనవరాలికి కొత్త గౌను కుడుతోంది, సూది వేసే రోజు తొడగాలట. నీ నీలం చీర అంచు అడిగింది. ఇచ్చాను.

1109వ పూట

ఇది రాయొచ్చో లేదో తెలియదు. అయినా రాస్తున్నాను.

మరుపు జబ్బుకి ఏడో రకం సూది వేశాక నువ్వు నాలుగు రోజులు బాగున్నావు. మొహానికి కళ వచ్చింది. జడ వెయ్యమన్నావు. ఐదో రోజు ముల్లంగి కోస్తూ వేలు తెగింది. చిన్న గాటు. నేను పసుపు పెట్టి గుడ్డ చుట్టి వేరే పనిలో పడ్డాను. మర్నాటికి మూసుకోలేదు. ఆ మర్నాటికీ మూసుకోలేదు. కుళ్ళలేదు, చీము పట్టలేదు. ఒళ్ళు కొత్త చర్మం వేద్దామని మొదలుపెట్టి ఎక్కడో ఆగిపోయినట్టు, తడి తడిగా అలాగే ఉంది. తర్వాత నోరు, తర్వాత కడుపు. అప్పటికే జబ్బు ముదిరిపోయింది, మందు ఆలస్యంగా పడింది అన్నారు. సరే అనుకున్నాను. పెద్దవాళ్ళు చెప్పారు కదా.

ఇవాళ మళ్ళీ ఏడో రకమే పెట్టారు. ఎందుకో, జంటని తోడమ్మ చేతిలోంచి తీసి చూద్దామనిపించింది. ఎప్పుడూ అలా చెయ్యలేదు. మా పని నొక్కి చూడటం. మగ్గం ఇంట్లో అంతే కదా. కొత్త కోడల్ని నేను, మా అత్త నేను చుట్టిన కండెని బొటనవేలితో నొక్కేది. కుంగిందా, నా ఒళ్ళో పడేసేది. వదులు కండెని మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెడితే దారం జారి, చిక్కుపడి, మగ్గమే ఆగిపోతుంది. బిగువుంటే మంచిది, లేకపోతే చెడ్డది. ముప్పై ఏళ్ళు చేతికి అదే ఎక్కింది.

మెల్లగా లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. రాలేదు. దారం ఆనాల్సిన గాడిలోకి నా వేలు దూర్చి, నేనే దారాన్ని అనుకుని తోసి చూశాను. వేలికి చోటే లేదు.

అప్పుడు మన ఒంట్లో పుట్టుకతో ఉండే తోడమ్మని పెట్టమన్నాను. యంత్రం దగ్గరుండే అమ్మాయి విసుక్కుంటూనే పెట్టింది. దానికి ఒక పక్క కొంగులాగా తోక ఉంది. అది ఎక్కడా ఆనకుండా ఊగుతోంది. అటువైపు నుంచి వేలు దూరిస్తే కొంగు తప్పుకుంది, దాని వెనకే చెయ్యి కొంచెం కొంచెంగా జారింది. ఒక వేలు వదిలాక ఇంకో వేలు. నేను అడిగితే ఇచ్చినట్టు ఇచ్చింది.

ఏడో రకానికి ఆ కొంగు లేదు. కత్తిరించేసి అక్కడ గట్టి వంపు పెట్టారు. ఎందుకు పెట్టారంటే, ముందు రకాలన్నీ వదులుగా ఉన్నాయని మేం చెప్పాం కాబట్టి.

1110వ పూట

ఈ పూట ఏమీ తడమలేదు. నీ గుడ్డలు మడత పెట్టాను. విప్పాను. మళ్ళీ మడత పెట్టాను.

1111వ పూట

సింహాద్రప్పకి చెప్పాను. చేతిగది బయట బల్ల మీద ఇద్దరం గ్లవుజులు ఆరబెడుతున్నాం. ఏడో రకం వదలదు అప్పా, లోకికి ఆ సూది వద్దు అన్నాను.

తను గ్లవుజు విదిలించి ఆరేసింది. ఇంకోటి ఆరేసింది. అప్పుడు నావైపు తిరిగింది.

"నీ పిల్ల పోయిందని నా పిల్ల మందు ఆపుతావా తవిటీ?"

"అది కాదప్పా. చేత్తో చూశాను. జంట దాని గుప్పిట్లోనే ఉండిపోతుంది. దారం దాకా తీసుకెళ్తుంది గాని ఇవ్వదు."

"గట్టిగా పట్టుకునేది కావాలని ఏడాదిపాటు అరిచింది ఎవరు? నువ్వు కాదా? ఐదో రకాన్ని నొక్కి చూసి, పాత చెప్పు పట్టీలా ఉందని నవ్వింది ఎవరు?"

నేనే అప్పా అన్నాను.

"మరి ఇప్పుడు గట్టిదొస్తే గట్టిగా ఉందని ఏడుస్తావు. నీకు ఏదీ నచ్చదు. పోయి పడుకో. తిండీ నిద్రా లేక నీ చేతులు నీకే అబద్ధం చెబుతున్నాయి."

అంటూనే నా భుజం మీద కొంగు సరిచేసింది. తిట్టేటప్పుడు కూడా తన చేతులు ఊరుకోవు. తర్వాత వెళ్ళిపోయింది. గ్లవుజులు నేనే ఆరేశాను.

నా చేతులు నాకు అబద్ధం చెబుతున్నాయేమో అని నాకూ అనిపించింది. దుఃఖం ఉన్నవాళ్ళకి ఎవరో ఒకరి తప్పు కావాలి. ఆ సంగతి నాకు తెలుసు. కానీ గున్నీ, నేను వెతికి పట్టుకున్న తప్పు ఎవరిదో కాదు.

1112వ పూట

నళిని గారి గదికి వెళ్ళాను. నిలబడే చెప్పాను. ఆవిడ కుర్చీ చూపించారు, కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనేమో అని భయం.

ఆవిడ అంతా విని, యంత్రం లెక్క ప్రకారం ఏడో రకం పట్టు అన్నిటికంటే బలమైనది, అందుకే ఎంచుకున్నాం అన్నారు. పట్టు కాదమ్మా, వదలడం సంగతి అడుగుతున్నాను అన్నాను. అది కొలవలేదన్నారు. గడ్డకట్టిన బొమ్మలో పట్టుకున్న క్షణమే ఉంటుంది, వదిలే క్షణం ఉండదు. దారం పెట్టి, కరిగించి, కదిలించి చూడాలంటే చాలా కరెంటు కావాలి, ముగ్గురి చేతులూ ఒకే మాట చెప్పాయి కాబట్టి అవసరం లేదనుకున్నాం అన్నారు.

ఆ మాట చూపించమన్నాను. పాత పుస్తకం తీశారు. 871వ పూట. నీ రాత, గుండ్రంగా, ముత్యాల్లా.

"ఏడో రకం. అమ్మ బొటనవేలితో నాలుగు చోట్ల నొక్కి చూసింది. ఎక్కడా కుంగలేదు. చాలా మంచిది అంది. మరి ఇంత గట్టిగా పట్టుకుంటే దారం వచ్చాక ఎలా వదులుతుంది అని నేను అడిగాను. వదిలేదైతే అదేం కండె అంది. తవిటమ్మ. రాసింది సుగుణ."

నాకు ఆ రోజు గుర్తే లేదు. నువ్వు అడిగినట్టు గుర్తు లేదు. నేను అన్నట్టూ గుర్తు లేదు. నా మాటే, అనే ఉంటాను. నువ్వు అడిగిన మాట నేను పక్కన పడేసినా, నువ్వు మాత్రం కొట్టెయ్యకుండా రాసిపెట్టావు. కింద సింహాద్రప్పదీ ఇంకొకావిడదీ నిశానీలు. తవిటమ్మ చెబితే సరే అనే కదా వాళ్ళు పెట్టింది.

నళిని గారు నువ్వు అడిగిన మాట ఉన్న వరస మీద వేలు పెట్టారు. ఇది నేను చదివాను, చదివి తిప్పేశాను అన్నారు. ఆవిడ కళ్ళు నా వైపు లేవలేదు.

1114వ పూట

దారం పెట్టి చూడటానికి పైవాళ్ళు ఒప్పుకున్నారు. రెండు షరతులు. ఒకటి, కరెంటు కోసం నాలుగు పూటలు కూరల అరల దీపాలు ఆపాలి. తోటకూర పోతుంది, పోతే పోనీ. రెండోది, నా చెయ్యి ఒక్కటీ చాలదు. బిడ్డ పోయిన మనిషి చెయ్యి కాబట్టి. పక్కన ఇంకో పాత చెయ్యి ఉండి అదే మాట చెప్పాలి.

పాత చేతుల్లో మిగిలింది సింహాద్రప్పే. మూడో ఆవిడ పోయిన నెల చనిపోయింది.

వాళ్ళింటికి వెళ్ళాను. లోకి గుమ్మంలో కూర్చుని, తవిటమ్మత్తా, నా గౌను చూస్తావా అని లోపలికి పరుగెత్తింది. నీ నీలం అంచు కింద కుట్టి ఉంది. గౌను ఒంటికి ఆనించుకుని గిరగిరా తిరిగి చూపించింది. సింహాద్రప్ప పొయ్యి దగ్గరి నుంచి లేవలేదు.

నేను రమ్మని బతిమాలలేదు. చూడకుండా సూది వేయిస్తే తర్వాత ప్రతి పూటా నాలాగా లెక్కపెట్టుకుంటావప్పా అన్నాను. వచ్చేశాను.

1117వ పూట

సింహాద్రప్ప వచ్చింది. గ్లవుజులు తొడుక్కుని ఎదురుగా నిలబడింది. నళిని గారు గోడ దగ్గర ఉన్నారు. బయట కూరల అరల వైపు చీకటిగా ఉంది.

ముందు పుట్టుకతో ఉండే తోడమ్మ. జంటని పట్టుకుని ఉంది. దారం వచ్చింది. గున్నీ, దారాన్ని చేత్తో తాకడం నాకు అదే మొదలు. మెలి తిరిగి ఉంది, మనం పేనిన నూలులాగే, కాకపోతే అది బతికున్నట్టుంది. దారం అంచు వచ్చి జంటని ఒక పక్క తాకగానే కొంగు కదిలింది. దారం ఆ చోట ఆనుకుంది. తోడమ్మ వేలు ఒకటి లేచింది. దారం ఇంకొంచెం ఆనుకుంది. ఇంకో వేలు. తోసినట్టు లేదు, లాగినట్టు లేదు. చేతిలోంచి చేతిలోకి పసిబిడ్డని మార్చుకుంటాం చూడు, అవతలి చెయ్యి తల కింద చేరిందని తెలిసేదాకా ఇవతలి చెయ్యి తియ్యం. అచ్చం అలాగే. తోడమ్మ ఖాళీ చేత్తో తప్పుకుంది. జంట దారం మీద కూర్చుంది.

తర్వాత ఏడో రకం. దారం వచ్చింది. తాకింది. చోటు లేదు. పక్కకి జారింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ జారింది. నేను ఒకవైపు, సింహాద్రప్ప ఇంకోవైపు చేతులు పెట్టి ఉన్నాం. ఎన్నిసార్లు వచ్చిందో. ఆ జంటని తోడమ్మ గుండెకి హత్తుకున్నట్టు పట్టుకునే ఉంది. పాపం, దానికి వేరే తెలియదు, మనం చేసిందే అలా. కండె లేని దారం చివరికి తనలో తనే చుట్టుకుని ముద్దకట్టింది.

నీ వేలి మీది గాటు అదే గున్నీ. కొత్త చర్మానికి కొత్త దారం సిద్ధంగానే ఉంది. కండెలు రాలేదు.

సింహాద్రప్ప చేతులు అక్కడే ఉంచి, "ఇంకోసారి పెట్టు" అంది. పెట్టారు. అంతే జరిగింది. "ఇంకోసారి" అంది. మూడోసారి మధ్యలో గ్లవుజులు విప్పేసింది. నళిని గారు పుస్తకం ఇస్తే తీసుకుంది. తనకి అక్షరాలు రావు. బొటనవేలు సిరాలో ముంచి అద్దింది. అద్దాక ఆ వేలిని కొంగుతో తుడుస్తూనే ఉంది, సిరా పోయాక కూడా.

1118వ పూట

ఏడో రకం సూదులు ఆపేశారు. నళిని గారు తనే నోటీసు రాసి, కింద తన పేరు పెట్టుకున్నారు.

871వ పూట పేజీ తెరిపించుకున్నాను. నీ అక్షరాల మీద గీత పెట్టలేదు. కింద చోటుంటే అక్కడ రాశాను. ఈ మాట తప్పు, పట్టు చూశాను గాని వదలడం చూడలేదు, చెప్పింది నేను, తవిటమ్మ. పిల్ల అడిగింది సరైన మాట అని కూడా రాశాను. నా అక్షరాలు నీవాటికంటే పెద్దగా వచ్చాయి.

ఇప్పుడు లోకికి మందు లేదు. ఎనిమిదో రకం కావాలంటే ఏడాది పడుతుంది. పిల్లకి ఏడాది లేదు. కరెంటు ఇంకో పూట మిగిలింది. ఐదో రకం పెట్టమని నేనే అడిగాను. పాత చెప్పు పట్టీ అని నవ్విందాన్ని.

దానికి కొంగు ఉంది, పొట్టిది. నొక్కితే బొటనవేలు కుంగింది. నా చెయ్యి వద్దు వద్దు అంటూనే ఉంది, ముప్పై ఏళ్ళ అలవాటు. దారం వచ్చింది. నాలుగుసార్లు పెట్టి చూశాం. మూడుసార్లు ఇచ్చింది. ఒకసారి దారిలోనే జారవిడిచింది.

మూడు ఇచ్చింది, ఒకటి పారేసింది. ఇది చాలా అని నళిని గారిని అడిగాను. తెలియదు తవిటమ్మ గారూ అన్నారు. ఇంతకుముందెప్పుడూ ఆవిడ నోట ఆ మాట వినలేదు. విన్నాక నాకు కొంచెం ధైర్యం కూడా వచ్చింది.

1121వ పూట

లోకికి సూది వెయ్యాల్సిన పూట. వెయ్యలేదు. ఐదో రకం చలిగదిలో పారెయ్యడానికి పెట్టిన డబ్బాలో కొంచెం ఉంది, శుభ్రం చెయ్యడానికి పది పూటలు పడుతుందట.

పిల్ల గౌను తొడుక్కునే పడుకుంది. జ్వరం. తెల్లబడిన చోటు మెడ దాకా పాకింది. సింహాద్రప్ప నన్ను రమ్మనలేదు, వెళ్తే పొమ్మనలేదు. పక్కన కూర్చుని తడిగుడ్డ మారుస్తూ ఉన్నాను. తను గోడ మీద గీతలన్నీ తుడిచేసింది.

1126వ పూట

ఏడో రకం ఎక్కించుకున్నవాళ్ళు మొత్తం ఐదుగురు. నువ్వు కాక ఇంకో ఇద్దరు పోయారు. ఇద్దరు బతికున్నారు. ఎక్కించిన తోడమ్మల్ని తీసే మందు లేదు, ఒళ్ళే మెల్లగా అరగదీసుకోవాలి. ఈలోగా చిన్న గాయం కూడా తగలకూడదు.

నళిని గారితో నేనూ ఆ ఇళ్ళకి వెళ్ళాను. రావక్కర్లేదు అన్నారు. వెళ్ళాను. ఒక ఇంట్లో తలుపు మా మొహం మీదే వేశారు. ఇంకో ఇంట్లో ఉన్నది పెళ్ళికాని కుర్రాడు, దాలినాయుడు, కప్పు మీద అతుకులు వేసేవాడు. నేను చెప్పిందంతా విని, అయితే ఇక కప్పెక్కొద్దా పిన్నీ అన్నాడు. వద్దు బాబూ అన్నాను. అతను తన చేతులకేసి చూసుకున్నాడు. ఎక్కడా గీత లేదు. ఇంట్లో కత్తులూ సూదులూ మేమిద్దరం ఏరి డబ్బాలో పెట్టి వచ్చాం.

1131వ పూట

లోకికి ఐదో రకం వేశారు. సింహాద్రప్ప పిల్ల చెయ్యి పట్టుకుంది. సూది దిగేటప్పుడు నా వైపు చూసింది. తల ఊపాను. నా తల ఊపుకి ఇంక ఏం విలువుందో తెలియదు. అయినా అడిగింది కాబట్టి ఊపాను.

1139వ పూట

నాలుగో రోజు. పిల్ల లేచి కూర్చుంది. ఎవరం సంబరపడలేదు. నువ్వూ నాలుగు రోజులు బాగున్నావు.

1142వ పూట

వద్దంటే వినకుండా లోకి గుమ్మం దిగుతూ పడింది. మోకాలు చెక్కుకుపోయింది. సింహాద్రప్ప కేక విని నేను పరుగెత్తాను. ఇద్దరం ఆ మోకాలి దగ్గర కూర్చున్నాం. పిల్ల మమ్మల్ని చూసి భయపడి ఏడుపు మానేసింది.

1146వ పూట

పక్కు కట్టింది. ఎండి, నల్లగా, అంచు చుట్టూ గులాబీరంగు కొత్త చర్మం. ఇంకా పూర్తిగా కాలేదు, నిదానంగా కడుతోంది. నాలుగింట ఒకటి పారేసే తోడమ్మ కదా, నిదానంగానే కడుతుంది అన్నారు నళిని గారు. తెల్లబడిన చోటు తగ్గలేదు, పెరగలేదు. రెండోసారి సూది వెయ్యాలి, మూడోసారి కూడా. ముందు ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు.

సింహాద్రప్ప ఆ మోకాలి పక్కన వేలు పెట్టి, నొక్కబోయి, ఆపుకుంది. తర్వాత వంగి ఊదింది, వేడి అన్నం మీద ఊదినట్టు.

నేను ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. పిల్ల బతుకుతోందన్న సంతోషమో, నీకు ఇది దొరకలేదన్న బాధో, రెండూ ఒకదానికొకటి చుట్టుకుపోయి నాకు విడదీయడం రాలేదు. ఐదో రకం అప్పటికే ఉంది గున్నీ. చలిగదిలో, పారెయ్యాల్సిన డబ్బాలో ఉంది.

1150వ పూట

రేపటి నుంచి చేతిగదిలోకి ఆరుగురు కొత్త ఆడవాళ్ళు వస్తున్నారు. అందరూ మగ్గం ఇళ్ళవాళ్ళే. ఈ పుస్తకం వాళ్ళకిస్తారు. నీకు రాయాల్సింది ఇక ఇంట్లో వేరే కాగితాల మీద రాసుకుంటాను. ఇక్కడ వాళ్ళకి రాయాలి.

అమ్మా, మీరు ఎవరో నాకు తెలియదు. మీ చేతులు తెలుసు. వచ్చిన రకాన్ని ముందు నొక్కి చూస్తారు, మానలేరు, చూడండి. గట్టిగా ఉందని సంతోషపడకండి. దారం పెట్టమని అడగండి. కరెంటు లేదంటారు. అయినా అడగండి. పట్టుకున్నది చూశాక వదిలేది చూడండి. రెండూ చూశాకే వేలిముద్ర వెయ్యండి. పక్కనున్న చిన్నపిల్ల ఏదైనా అడిగితే, మీకు జవాబు తెలియకపోతే, తెలియదని చెప్పి ఆ మాట రాసిపెట్టండి. ఇంకొకరు మంచిదన్నారని మీరూ మంచిదనకండి, ఆ ఇంకొకరు నేనైనా సరే.

మొదటి నెల చేతులు నొప్పి పెడతాయి, గోరువెచ్చటి నీళ్ళలో ఉంచుకోండి. ఖాళీ కడుపుతో ఈ గదిలోకి రాకండి. పొద్దున్నే కూర్చుని, నిదానంగా, కడుపునిండా అన్నం తినండి.